కాంక్రీటులో ఇనుముకు తుప్పు – 4వ పాఠం: కవర్ కొలిచేది రింగు నుంచి

ఈసారి ఎపాక్సీ పూత ఊచల గురించి చెప్పాల్సింది. మీ జవాబులు చూశాక అది వచ్చే పాఠానికి జరిపాను. విశాఖ తీరంలో ఇల్లు, 450 మి.మీ. లోతు బీము, 8 మి.మీ. రింగులు, ఒకే వరుసలో 16 మి.మీ. ఊచలు, ఎఫెక్టివ్ డెప్త్ (బీము పై అంచు నుంచి కింది మెయిన్ ఊచల మధ్య వరకు లోతు) ఎంత అని అడిగాను. చాలామంది 397 అన్నారు. రావాల్సింది 389: 450లోంచి కవర్ (ఇనుము వెలుపలి కాంక్రీటు మందం) 45, రింగు 8, ఊచలో సగం 8 పోవాలి.

తీసివేత రాక కాదు. 45 మి.మీ. కవర్ అనగానే చూపు నేరుగా మెయిన్ ఊచ మీదికి పోయింది. ఆ ఊచను చుట్టి ఉన్న రింగు లెక్కలోకే రాలేదు. ఉప్పుగాలికి ముందు దొరికేది ఆ రింగే.

కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456:2000లో ఇది తేటగా ఉంది. నామినల్ కవర్ అంటే రింగులతో సహా మొత్తం ఇనుముకు వెలుపల ఉండాల్సిన కాంక్రీటు మందం. తికమక పెట్టేది స్తంభాల నిబంధన. అక్కడ నిలువు ఊచకు 40 మి.మీ. తగ్గకూడదని ఉంటుంది. అది అదనపు కనీస హద్దే తప్ప, పరిసరాలను బట్టి కవర్ ఎంతో చెప్పే 16వ పట్టికను రద్దు చేసేది కాదు. తీరంలో స్తంభానికైనా రింగు వెలుపల 45 ఉండాల్సిందే. ఎం35, ఆపై బలం గ్రేడు కాంక్రీటు వాడితే 5 మి.మీ. తగ్గించుకోవచ్చు, నేనైతే తగ్గించను. ప్లాస్టరింగ్ మందం ఇందులోకి రాదు. ఇది కూడా చెప్పాలా అనుకున్నాను గానీ, కలిపినవారు ఉన్నారు.

ఎనిమిది మిల్లీమీటర్లకు ఇంత రాద్ధాంతమా అంటారా? కార్బనేషన్ అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటు క్షారతను తగ్గిస్తూ లోపలికి పోవడం. దాని లోతు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది: లోతు = కె × √ఏళ్లు, కె ఆ కాంక్రీటు స్థిరాంకం. ఒక భవనంలో 25 ఏళ్లకు 20 మి.మీ. వెళ్లిందనుకోండి, కె విలువ 4. ఆ లెక్కన 45 మి.మీ. చేరడానికి దాదాపు 126 ఏళ్లు పడుతుంది. ఊచకు 45 వదిలితే రింగుకు మిగిలేది 37. అక్కడికి 85 ఏళ్లు చాలు. 40 ఉండాల్సినచోట 20 పెడితే 100 ఏళ్ల గడువు 25కు పడిపోతుంది, అంటే పావు వంతుకు. అయితే ఈ ఏళ్లు పోల్చి చూసుకోవడానికే, కట్టడం ఆయుష్షు చెప్పడానికి కాదు. తీరంలో ఉప్పులోని క్లోరైడు అంతకాలం ఆగదు. కాంక్రీటులో క్షారత నిక్షేపంగా ఉండగానే ఊచ మీది రక్షణ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. అందుకే అక్కడ నేను స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపిన సిమెంటే అడుగుతాను, నీళ్లు మరికొన్ని రోజులు ఎక్కువ కొట్టిస్తాను.

సైటులో కవర్ బ్లాకు రింగు కింద పెట్టాలి, ఊచ కింద కాదు. గ్రానైటు ముక్కలు నాకు గిట్టవు. వైబ్రేటర్ తగిలితే జారిపోతాయి. వాటికంటే విసుగు పుట్టించేది బైండింగ్ వైరు. మెలిపెట్టి కొస అలాగే వదిలేస్తారు, అది సెంట్రింగ్ పలకకు ఆనుతుంది. ఆ కొసకు కవర్ సున్నా. వానలు పడ్డాక బీము పక్కన గోరంత గోధుమరంగు మచ్చ తేలుతుంది. కొసలన్నీ లోపలికి వంచించండి. పోతకు ముందు 45 మి.మీ. మందం చెక్కముక్కను పలకకూ రింగుకూ మధ్య జరుపుతూ పోండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ వైరు కొస ఉన్నట్టు, లేదా రింగు పక్కకు జరిగినట్టు. టేపుతో కొలవడం కంటే ఇది త్వరగా తేలుతుంది.

అభ్యాసం: పెచ్చులూడుతున్న పాత సన్‌షేడ్ ఒకటి వెతకండి. ఇంటివారి అనుమతితో వాన తగిలే వైపు ఒకచోట, తగలని వైపు ఒకచోట కొద్దిగా పగలగొట్టి, దుమ్ము దులిపి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. క్షారత మిగిలినచోట అది గులాబీరంగుకు మారుతుంది. గులాబీరంగు రాని లోతును నాలుగైదుచోట్ల కొలిచి సగటు తీయండి. కట్టిన ఏడాది అడిగి, రెండు వైపులకూ వేర్వేరుగా కె లెక్కగట్టండి. రెండూ ఒకటే వస్తే ఇంకోసారి కొలవండి. తేడా వస్తే ఎందుకో రాసి పంపండి. దాంతోపాటు ఇదీ: సముద్రపు తుంపర పడేచోట 600 మి.మీ. బీము, 10 మి.మీ. రింగులు, ఒకే వరుసలో 20 మి.మీ. ఊచలు. కవర్ 16వ పట్టికలోంచి తీసుకోండి. ఎఫెక్టివ్ డెప్త్ 540 అని రాసినవారు ఈ పాఠం మళ్లీ మొదటి నుంచి చదవాలి.