కంపెనీల కొనుగోలు మీద ఆసక్తి పుట్టిన టీనేజర్‌తో ఒక డీల్‌ను ఎలా చదివించాలి?

పదిహేను, పదహారేళ్ల వయసులో ఈ ఆసక్తి మొదలైతే ప్రశ్నలు ఆగవు. ఒక కంప్యూటర్ కంపెనీ ఇంకోదాన్ని మొత్తంగా ఎలా కొంటుంది, అంత డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది? పెద్దవాళ్లు పది వీడియోలు పంపి ఊరుకుంటారు, వారం తిరక్కుండా ఆ ఆసక్తి ఆరిపోతుంది. మా మేనల్లుడితో మొదలుపెట్టి చాలామంది పిల్లలతో ఈ పని చేయించాను కాబట్టి చెబుతున్నా.

ఒక నోట్‌బుక్, పెన్సిల్ చాలు. స్ప్రెడ్‌షీట్ వద్దు, అందులో తప్పు చెరిపేస్తే ఆనవాలు కూడా మిగలదు.

ముగిసిపోయిన డీల్‌నే తీసుకోండి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒరాకిల్, కంప్యూటర్ కంపెనీ సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొన్నదే నా మొదటి పాఠం, సన్ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష జావా పేరు పిల్లలకు ముందే తెలుసు కదా. హెచ్‌పీ, ఇంకో కంప్యూటర్ కంపెనీ కాంపాక్‌ను కొన్న కథ ఇంకా రంజుగా ఉంటుంది కానీ అందులో డబ్బుకు బదులు షేర్లు ఇచ్చే మార్పిడి లెక్క ఉంది, మొదటిసారికి బరువు.

పేజీ పైన ప్రకటన తేదీ, 2009 ఏప్రిల్ 20. అడుగున ముగిసిన తేదీ, 2010 జనవరి 27. మధ్యలో ఖాళీ వదిలించండి.

ఇక ధర. అందరూ బోల్తా పడేది ఇక్కడే, తొందరపడొద్దు. షేరుకు 9.50 డాలర్లు, మొత్తం సుమారు 7.4 బిలియన్లు. బిలియన్ అంటే వంద కోట్లు, అంటే 740 కోట్ల డాలర్లు. అదే ప్రకటనలో 560 కోట్లు అని ఇంకో అంకె కూడా ఉంది! పిల్లలు ఏదో ఒకటి తప్పనుకుని కొట్టేస్తారు. కొట్టేయనివ్వకండి, రెండూ నిజమే. పర్సు కొంటే లోపలున్న డబ్బూ మనదే, దాని మీదున్న అప్పూ మనదే. సన్ దగ్గరున్న నగదులోంచి అప్పులు తీసేస్తే మిగిలేది సుమారు 180 కోట్లు, ఒరాకిల్‌కు నికరంగా పడిన ఖర్చు 560. ఏ అంకె దేనిదో పక్కనే రాయించండి, ఈ పని రేపటికి వాయిదా వేస్తే మర్చిపోతారు.

తర్వాత మధ్యలో వదిలిన ఖాళీ. ప్రకటనకీ ముగింపుకీ మధ్య ప్రభుత్వాల అనుమతుల కథ అక్కడ రాయించండి. అమెరికా 2009 ఆగస్టులోనే సరేనంది, యూరప్ మాత్రం మైఎస్‌క్యూఎల్ దగ్గర పట్టుబట్టింది, అది సమాచారం దాచిపెట్టే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. దాన్ని సన్ 2008లో సుమారు 100 కోట్ల డాలర్లకు కొంది. డేటాబేస్ మార్కెట్‌ను ఏలే ఒరాకిల్ చేతిలోకే ఉచితంగా దొరికే పోటీదారు వెళ్తే ఏమవుతుందన్నది వాళ్ల భయం. 2010 జనవరి 21న అనుమతి వచ్చింది.

రెండో డీల్, లైనక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ రెడ్ హ్యాట్‌ను ఐబీఎం కొన్నది. 2018లో ప్రకటించారు, షేరుకు 190 డాలర్లు, మొత్తం సుమారు 3,400 కోట్లు. ఈసారి పక్కన కూర్చోకండి. ఆ 3,400 అప్పు, నగదు సర్దిన తర్వాతి అంకె, ప్రకటనలోనే ఆ మాట ఉంది. సన్‌తో పోల్చమనండి, 740 పక్కన పెడుతున్నారో 560 పక్కన పెడుతున్నారో చూడండి.