జైల్లో ఉన్నవారి వైద్య రికార్డు కావాలంటే: దరఖాస్తు సులువే, చిక్కంతా సమ్మతి పత్రం దగ్గరే

"నా కొడుకు కాయితం నాకియ్యకపోతే ఇంకెవ్వలికిస్తరు బిడ్డా?"

ఒక జైలు గేటు బయట చెట్టు కింద కూర్చున్న ఒకామె అడిగిన మాట ఇది. దేవరకొండ అవతల ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. లోపలున్న కొడుక్కి ఫిట్స్ వస్తున్నాయి. బెయిలు పిటిషన్‌లో పెట్టాలి, వైద్య రికార్డు పట్టుకురమ్మని వకీలు చెప్పాడు. జిరాక్స్ షాపు ముందు కూర్చునే ఒకాయన 1,500 రూపాయలు తీసుకుని, తెల్ల కాగితం మీద అర్జీ రాసి, కింద ఆమె వేలిముద్ర వేయించి పంపాడు. ఆఫీసులో అది తీసుకోలేదు. నీ వేలిముద్ర కాదమ్మా, నీ కొడుకు సంతకం కావాలన్నారు.

ఆమె కోపం న్యాయమే. ఆఫీసు వాళ్లు చెప్పింది కూడా తప్పు కాదు. పేచీ ఎక్కడుందో తెలిస్తే రెండు బస్సుల చార్జీ, మధ్యవర్తి ఫీజు రెండూ మిగులుతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు, దరఖాస్తే అక్కర్లేనివి చెప్తాను. కేసు ఏ సెక్షన్ కింద పెట్టారు, వాయిదా ఎప్పుడు, ఏ కోర్టు, ఇవి దాచే సమాచారం కాదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే వాయిదా తేదీ వస్తుంది. సున్నితమైన కేసులవి తప్ప ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. అరెస్టయినవారి పేరు, చిరునామా, నేర స్వభావం పోలీసు స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో కనబడేలా పెట్టాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ చెబుతోంది. వాయిదా తేదీ చెప్పడానికి రెండొందలు తీసుకునేవాళ్లు నల్లగొండలోనూ ఉన్నారు, పాలమూరులోనూ ఉన్నారు. ఇవ్వకండి.

మనిషి ఒంటికి, ఇంటికి సంబంధించినవి వేరు. జబ్బు, వాడే మందులు, ములాఖత్‌కు ఎవరెవరు వచ్చారు, డబ్బు ఎవరు పంపారు, ఇవి ఆయన సొంత సంగతులు. ఈ గీతను సుప్రీంకోర్టు 1994లోనే గీసింది. మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథను ఒక తమిళ పత్రిక వేయబోతే వచ్చిన కేసు అది. పబ్లిక్ రికార్డులో ఉన్నంతవరకు అనుమతి లేకుండా వేసుకోవచ్చు, దాన్ని దాటి సొంత జీవితంలోకి వెళితే గోప్యత హక్కుకు భంగమేనని కోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. జైలుకు వెళ్లినంత మాత్రాన ఆ హక్కు గేటు దగ్గర వదిలి వెళ్లినట్టు కాదు. కాబట్టి తల్లయినా, భార్యయినా, అన్నదమ్ములైనా లోపలున్న మనిషి ఒప్పుకుంటేనే ఆయన వైద్య కాగితం చేతికొస్తుంది.

ఇక దరఖాస్తు. సమాచార హక్కు చట్టం కింద ఆ జైలు పౌర సమాచార అధికారి, అంటే పీఐఓ పేరున తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. అచ్చు ఫారం కొనక్కర్లేదు. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ తీసుకుంటే గొడవ ఉండదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజే లేదు, తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ జతచేయండి. నకళ్లకు మామూలు ఏ4 పేజీకి 2 రూపాయలు. స్పీడ్ పోస్టులో పంపండి, లేదంటే ఇన్‌వార్డులో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే రేపు అప్పీలుకు పోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

అడిగేది "పూర్తి వివరాలు" అని రాయకండి. జైలులోకి తీసుకున్నప్పుడు చేసిన వైద్య పరీక్ష రిపోర్టు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జైలు డాక్టరు చూసిన ఓపీ రికార్డు, బయటి ఆసుపత్రికి పంపి ఉంటే ఆ రిఫరల్ చీటీ అని పేరుపేరునా రాయండి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికో, హైదరాబాద్ ఉస్మానియాకో తీసుకెళ్లి ఉంటే అక్కడి కేస్‌షీట్ ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. జైలుకు రాసినా 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి. తొందరుంటే మాత్రం రెండుచోట్లా విడివిడిగా వేయడమే నయం.

మామూలుగా సమాచార హక్కు దరఖాస్తులో కారణం రాయక్కర్లేదు. ఇక్కడ రాయండి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 30 రోజులు కాదు, 48 గంటల్లో ఇవ్వాలని 7(1) సెక్షన్‌లో ఉంది. "అనారోగ్యం కారణంగా బెయిలు కోరుతున్నాం, ఇది వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినది" అన్న వాక్యం దరఖాస్తు పైభాగంలోనే ఉండాలి. నాలుగో పేరాలో ఉంటే ఎవరూ చూడరు.

ఆ సంతకం సంగతి

ఇంతవరకు ఎవరైనా చేసేస్తారు. దరఖాస్తులు వెనక్కి వచ్చేది సమ్మతి పత్రం దగ్గర. దీనికి చట్టంలో ప్రత్యేక నమూనా లేదు. లేదు కాబట్టే ఒక్కొక్కరు ఒక్కోలా రాసి తెస్తారు. ఉత్త సంతకం చూసి ఇది లోపలున్న మనిషిదేనని ఆఫీసు ఎలా నమ్మాలి? వకీళ్లు దీనికి ఎప్పటినుంచో ఒక దారి వాడుతున్నారు. తన తరఫున వాదించమని ఖైదీ ఇచ్చే వకాలత్ కాగితం జైలుకు పంపితే, ఖైదీ సంతకం పెట్టాక జైలు అధికారి "నా సమక్షంలో చేసిన సంతకం" అని రాసి, ముద్ర వేసి పంపుతారు. మీ సమ్మతి పత్రాన్ని కూడా అదే దారిలో నడిపించండి.

ములాఖత్‌లో జాలీ సందులోంచి కాగితం అందించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. అది వేరే తలనొప్పి. కాగితాన్ని ఆఫీసులో ఇవ్వాలి, లేదా వకీలు ద్వారా, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి జైలుకు వచ్చే పారా లీగల్ వాలంటీర్ ద్వారా పంపాలి. కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు, ఆదాయంతో పనిలేదు. ఫోన్ నంబరు 15100. దీనికి రూపాయి కూడా కట్టక్కర్లేదు.

కాగితంలో ఏముండాలంటే, ఇలా:

"నేను ఫలానా, తండ్రి ఫలానా, ఫలానా జైలులో విచారణ ఖైదీని, యూటీ నంబరు ఇంత. నాకు వచ్చే ఫిట్స్‌కు సంబంధించి ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు జైలు డాక్టరు చేసిన పరీక్షలు, ఇచ్చిన మందుల రికార్డు నకళ్లను మా అమ్మ ఫలానాకు ఇవ్వడానికి సమ్మతిస్తున్నాను. ఇది నా బెయిలు పిటిషన్ కోసం మాత్రమే. దీన్ని నాకు తెలుగులో చదివి వినిపించారు."

కింద సంతకం, తేదీ. వేలిముద్ర అయితే చదివి వినిపించినవారి పేరు, సంతకం కూడా ఉండాలి. ఆ కింద జైలు అధికారి ధ్రువీకరణ. తల్లి ఆధార్ జిరాక్స్ జతచేయాలి. ఆధార్‌లో పేరొకటి, సమ్మతి పత్రంలో పిలుపు పేరొకటి ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. మన దగ్గర ఇది చాలా మామూలు, ఊళ్లో సాలమ్మ ఆధార్‌లో సాలెమ్మ అయి ఉంటుంది.

"నా పూర్తి మెడికల్ రికార్డు ఎవరికైనా ఇవ్వవచ్చు" అని రాయిస్తే పని త్వరగా అవుతుందని మధ్యవర్తులు చెబుతారు. వద్దు. పిటిషన్‌కు జతచేసిన కాగితం అవతలి పక్షం చేతికీ వెళుతుంది, అక్కడి నుంచి ఊళ్లోకి ఎంతసేపు? ఫిట్స్ రికార్డు కోసం పోతే ఆ మనిషి ఎవరికీ చెప్పుకోని మరో జబ్బు కాగితం కూడా బయటపడుతుంది. ముఖ్యంగా హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం గట్టిగా ఉంది. సంగతి తెలిసి ఇచ్చిన సమ్మతి, అదీ రాతలో నమోదైతే తప్ప, నమ్మకం మీద తెలుసుకున్నవారు దాన్ని వెల్లడించకూడదు. అందుకే జబ్బు పేరు, తేదీలు రాసి సమ్మతిని ఇరుకుగా ఉంచండి. లోపలున్న మనిషికి కూడా ములాఖత్‌లో ఒక మాట చెప్పండి: ఖాళీ కాగితం మీద ఎవరడిగినా సంతకం పెట్టొద్దని.

దేవరకొండ ఆమెకు ఇదంతా చెప్పి, ఆ పాత అర్జీ చింపెయ్యమన్నాను. చింపలేదు. మడిచి రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకుంది. "పదిహేను నూర్లు వెట్టిన కాయితం, ఎట్ల సింపుదు?" అంది.

ఇంకో తేలిక దారి కూడా ఉంది. లోపలున్న మనిషే తన పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు సమ్మతి పత్రమే అక్కర్లేదు, తన కాగితం తను అడుగుతున్నాడు. రాయడం రాకపోతే రాయడానికి పీఐఓ సాయం చేయాలని చట్టమే చెబుతోంది. కాకపోతే కాగితం లోపలికీ బయటికీ తిరగాలి, రోజులు పడతాయి. బెయిలు హడావుడిలో ఉంటే వీటన్నిటికన్నా ముందు వకీలును కోర్టులో మెమో, అంటే చిన్న అర్జీ, వేయమని అడగండి. కోర్టు ఆదేశిస్తే జైలు నుంచి రిపోర్టు నేరుగా అక్కడికే వస్తుంది. అరెస్టు నాటి వైద్య పరీక్ష రిపోర్టు అయితే నకలు అరెస్టయిన వ్యక్తికి, లేదా ఆయన చెప్పిన మనిషికి డాక్టరే ఇవ్వాలి. ఆ రోజు అడగడం ఎవరికీ గుర్తుండదు, ఆ టెన్షన్‌లో ఎలా గుర్తుంటుంది.

"8(1)(జె) కింద నిరాకరించడమైనది" అని జవాబు వస్తే

భయపడకండి. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సెక్షన్ అది. మునుపు ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట అందులోనే ఉండేది. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం దాన్ని కుదించింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం వాదన ఇప్పుడు 8(2) సెక్షన్ కింద చేయాలి. మీకు ఆ వాదనతో పనిలేదు. సమాచారం ఎవరిదో ఆయనే ఇవ్వమన్నాక గోప్యత ఎవరికోసం? అప్పీలులో ఈ ఒక్క వాక్యం రాసి, సమ్మతి పత్రం మళ్లీ జతచేయండి.

సమ్మతి లేకుండా వేసిన దరఖాస్తును "థర్డ్ పార్టీ" అని ఆపితే, 11వ సెక్షన్ గుర్తుచేయండి. ఇవ్వాలని అనుకుంటే పీఐఓ 5 రోజుల్లో ఆ మూడో వ్యక్తికి నోటీసు ఇచ్చి, అభిప్రాయం చెప్పుకోవడానికి 10 రోజులు గడువివ్వాలి. ఇక్కడ ఆ మూడో వ్యక్తి ఉన్నది ఆ కాంపౌండ్‌లోనే. నోటీసు పట్టుకుని నాలుగడుగులు నడిస్తే చాలు.

గడువు దాటినా జవాబు లేకపోతే నిరాకరించినట్టే లెక్క. మొదటి అప్పీలు 30 రోజుల్లోపు పై అధికారికి, ఆ తర్వాత 90 రోజుల్లోపు హైదరాబాద్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ఆలస్యంగా ఇచ్చిన సమాచారానికి పేజీ చార్జీ తీసుకోకూడదు, 7(6) సెక్షన్. ఇచ్చిన నకలులో కులం గడి కనబడితే అదెందుకుందో కూడా అడగండి. ఖైదీల రిజిస్టర్లలో ఆ గడి తీసేయాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న ఆదేశించింది.

చివరిగా, కేసు కొట్టేశాక వచ్చే ప్రశ్న: "వేలిముద్రలు, ఫొటోలు వాళ్ల దగ్గరే ఉంటాయా?" 2022 క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం అవి 75 ఏళ్లు ఉంచవచ్చు. అయితే అంతకుముందు జైలు శిక్ష పడదగిన ఏ నేరంలోనూ దోషిగా తేలని మనిషి నిర్దోషిగా బయటపడి, అప్పీళ్లన్నీ ముగిస్తే, కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప వాటిని చెరిపేయాలి. దానంతట అది జరుగుతుందని కూర్చోకండి. రాష్ట్రం నియమించిన నోడల్ అధికారికి అర్జీ పెట్టాలి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. ఆ కాపీకి కోర్టులో కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండు అడగండి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి.