మొదటి సున్నా పోయిన పార్సిళ్లు: కస్టమ్స్ అప్‌లోడ్‌లో సమస్య - పరిష్కారం

నరసాపురం లేసు, కోనసీమ కొబ్బరి, పసుపు, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్మేవారి పార్సిళ్లు శంషాబాద్ ఎయిర్ కార్గోలో కస్టమ్స్ దాటడానికి కావలసిన వివరాలను ఇప్పుడు ఎవరూ ఒక్కొక్కటిగా టైపు చేయడం లేదు. ఆర్డర్ల నుంచి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) తయారై కొరియర్ సంస్థ పోర్టల్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి షిప్పింగ్ బిల్లుగా, అంటే ఎగుమతి వివరాల పత్రంగా, కస్టమ్స్‌కు చేరుతుంది. ఐఈసీ (ఎగుమతిదారు గుర్తింపు సంఖ్య), ఏడీ కోడ్ (ఎగుమతి సొమ్ము అందుకునే బ్యాంకు కోడ్), సీఎస్‌బీ-5 (కొరియర్ ఎగుమతుల షిప్పింగ్ బిల్లు) వంటి మాటలు కొత్తవి కాని వారి కోసమే ఇది రాస్తున్నాను.

సమస్య: ఫైలు మొత్తం తిరస్కరణకు గురవుతోంది.

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ రెండింటిలో ఒకటి ఉంటుంది. పోర్టల్ వారు కాలమ్ శీర్షికలు మార్చి ఉంటారు, లేదా మీ ఏడీ కోడ్ ఆ కస్టమ్స్ కేంద్రంలో నమోదై ఉండదు. కొత్త నమూనా ఫైలు దించుకొని పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

సమస్య: ఒకే ఫైలులో కొన్ని పార్సిళ్లు దాటుతున్నాయి, కొన్ని ఆగుతున్నాయి. నిన్న దాటిన సరుకే ఈరోజు ఆగుతోంది.

నన్ను ఎక్కువగా ఏడిపించినది ఇదే కనుక కొంత వివరంగా చెబుతాను. ఒక శ్రావణ మాసంలో పాలకొల్లు దగ్గరి ఒక ఎగుమతిదారు పార్సిళ్లు రోజుకు ఐదారు చొప్పున ఆగిపోయాయి. సరుకు వర్ణన సరిగ్గా లేదేమోనని రెండు రోజులు దాన్నే తిరగరాశాను, ప్రయోజనం కనిపించలేదు. మూడో రోజు ఆగినవాటి బిల్లులన్నీ బల్ల మీద పరచి చూస్తే అందులో పసుపు పొడి ఉంది, కొబ్బరి కోరు ఉంది, ఎండు రొయ్యలు ఉన్నాయి; లేసు ఒక్కటీ లేదు, ఆవకాయ ఒక్కటీ లేదు. సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పేది హెచ్‌ఎస్ కోడ్, దాని మొదటి రెండు అంకెలే అధ్యాయం. లేసు వస్తువుల కోడ్‌లు 58, 61, 63 అధ్యాయాలవి, పచ్చళ్లది 20వ అధ్యాయం. ఆగిన సరుకులన్నీ 3, 8, 9 అధ్యాయాలవి, అంటే కోడ్‌లు సున్నాతో మొదలయ్యేవి.

పసుపు పొడి కోడ్ 09103030. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే, అది ఈ ఎనిమిది అంకెలను కోడ్‌గా కాక సంఖ్యగా చదువుతుంది. సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదు గనుక దాన్ని తీసేసి 9103030 చేస్తుంది. ఆ తరువాత సేవ్ నొక్కితే ఫైలులో ఉన్న సున్నా శాశ్వతంగా పోతుంది. సాయంత్రం ప్రోగ్రాం తయారుచేసిన ఫైలులో తప్పు లేదు. పంపే ముందు ఒకసారి సరిచూద్దామని ఎవరో తెరిచి, అలవాటుగా సేవ్ చేశారు. ఎవరూ తెరవని రోజున అదే సరుకు హాయిగా దాటింది. నిన్న దాటినది ఈరోజు ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఏడంకెల కోడ్ వెంటనే తిరస్కరణకు గురైతే నిజానికి అదృష్టమే. కొన్ని ప్రోగ్రాంలు అంకె తగ్గిందని చూసి చివర ఒక సున్నా చేర్చి 91030300 చేస్తాయి. 9103 గడియారాల శీర్షిక. వర్ణనలో పసుపు, కోడ్‌లో గడియారం ఉన్న బిల్లును చూసిన అధికారి పార్సిల్ విప్పించకుండా ఎలా వదులుతారు? 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అన్ని దేశాలకూ నిలిపివేసింది గనుక, అక్కడికి వెళ్లే కొరియర్ పార్సిల్ ఎంత చిన్నదైనా కోడ్ సరిగ్గా ఉండక తప్పదు.

ఇదే దెబ్బ మరికొన్ని చోట్ల కూడా తగులుతుంది. మన వాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్ జిప్ కోడ్ 08817. అది 8817గా మారితే పార్సిల్ ఇక్కడ దాటినా అక్కడ చిరునామా సరిపోక ఆగుతుంది. 2017లో జీఎస్టీ రాకముందు తీసుకున్న పాత ఐఈసీ సంఖ్యల్లో సున్నాతో మొదలయ్యేవి ఉన్నాయి. పన్నెండు అంకెల ట్రాకింగ్ నంబరును ఎక్సెల్ ఇ-ప్లస్ రూపంలోకి (1.23E+11 లాగా) కుదించి చూపుతుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే చూపినదే ఫైలులోకి ఎక్కుతుంది. లేసు డిజైన్‌కు 5-12 అని నంబరు పెట్టుకున్నవారికి అది తేదీగా మారి కనబడుతుంది.

ముందుగా చూడవలసినది.

ఆగిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో తెరవవద్దు, తెరిచి చూడటమే జబ్బు అయినప్పుడు మళ్లీ దానితోనే పరీక్ష చేయడం వ్యర్థం. నోట్‌ప్యాడ్ ఉన్నది ఉన్నట్టు చూపుతుంది: ఆ వరుసలో 09103030 ఉందా, 9103030 ఉందా? ఈ పని అర నిమిషం పడుతుంది. నాకు ఫోన్ చేసేవారిలో పదిమందిలో ఒక్కరు కూడా దీన్ని చేసి ఉండరు, ముందే కొరియర్ వారితో గొడవ పెట్టుకొని ఉంటారు. ఎక్సెల్ షీటులోనే పనిచేయక తప్పనివారికి ఇంకో గుర్తు ఉంది: అలైన్‌మెంట్ ఎవరూ మార్చని సెల్‌లో కోడ్ ఎడమ అంచుకు ఆనుకొని ఉంటే అది అక్షరంగా ఉంది, కుడి అంచుకు జరిగి ఉంటే సంఖ్యగా మారిపోయింది.

పరిష్కారం.

పోయిన సున్నాను ముందు చేర్చే ఫార్ములా రాసి చేతులు దులుపుకోవద్దు. ఏడంకెలు ఉన్న ప్రతి కోడ్‌కూ ముందు సున్నా పోయిందని అనుకోలేము, టైపు చేసినవారు చివరి అంకె వదిలేసి ఉండవచ్చు. సరుకుల అసలు జాబితాను ఒక చోట భద్రపరచి, కోడ్‌ను ప్రతిసారీ అక్కడి నుంచే తీసుకోవాలి. ప్రోగ్రాంలో కోడ్, జిప్, ఐఈసీ, ట్రాకింగ్ కాలమ్‌లను అక్షరాలుగానే చదివించాలి, ఫైలు మనిషి చేతికి రాకుండా నేరుగా పోర్టల్‌కు వెళ్లాలి. వెళ్లేముందు కోడ్‌కు ఎనిమిది, ఐఈసీకి పది, అమెరికా జిప్‌కు కనీసం ఐదు అక్షరాలు ఉన్నాయో లేదో చూసి, ఒక్క వరుస తప్పినా మొత్తం ఫైలును ఆపే తనిఖీ పెట్టాలి. మన దగ్గర ఆగితే ఐదు నిమిషాల పని, శంషాబాద్‌లో ఆగితే విమానం తప్పుతుంది.

తెరిచి చూడక తప్పదంటే ఎక్సెల్‌లో డేటా మెనూలోని ఫ్రమ్ టెక్స్ట్ ద్వారా తెచ్చుకొని, ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా ఎంచుకోండి. కొత్త ఎక్సెల్‌లో సున్నాలు తీసేయకుండా ఆపే సెట్టింగ్ ఉంది గాని, అది ఆ ఒక్క కంప్యూటర్‌కే వర్తిస్తుంది. పక్క బల్ల మీది కంప్యూటర్‌లో ఎవరైనా తెరిస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

సమస్య: కోడ్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి, తినుబండారాలు మాత్రం అమెరికాలో ఆగుతున్నాయి.

అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు వెళ్లిందో లేదో చూడండి. విమానంలో వెళ్లే ఆహార పదార్థాలకు అది చేరడానికి కనీసం 4 గంటల ముందే నమోదు కావాలి. నోటీసు సంఖ్య ఫైలులో ఖాళీగా ఉంటే కారణం అదే.

డిజిటల్ సంతకం గడువు ముగియడం, సర్వర్ నిలిచిపోవడం, ఇక్కడి తూకానికీ టెర్మినల్ తూకానికీ తేడా రావడం వంటివీ ఉన్నాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు ఎదురవుతాయి, పోర్టల్ ఇచ్చే సందేశంలోనే తెలిసిపోతాయి. వాటి జోలికి నోట్‌ప్యాడ్ తెరిచాకే వెళ్లండి.