హెక్స్ పజిల్‌లో నేను ఇరుక్కున్న చోటు

1942లో పీట్ హైన్ డెన్మార్క్ పత్రిక పొలిటికెన్‌లో పరిచయం చేసిన ఆట హెక్స్. ఆరు మూలల గళ్ల బోర్డు మీద ఇద్దరూ వంతులవారీగా ఒక్కో కాయ పెడుతూ, ఎవరి రెండు ఎదురెదురు అంచుల్ని వాళ్లు తమ కాయల దారితో కలపాలి. దాని పజిళ్లలో నేనెప్పుడూ నా దారి కోసమే వెతికేవాణ్ణి. అరగంట గడిచినా తేలేది కాదు, తలనొప్పి తప్ప.

ఇప్పుడు తిరగేసి చూస్తున్నా. నేను ఆడకుండా ఊరుకుంటే ఎదుటివాడు ఎలా గెలుస్తాడు? ఆ దారికి కావలసిన ఖాళీ గళ్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెడతాను. బ్రిడ్జి, అంటే మధ్యనున్న రెండు ఖాళీ గళ్లలో దేనితోనైనా కలిసిపోయే రెండు కాయలు, ఉంటే దాని రెండు ఖాళీ గళ్లూ లెక్కే; ఒకటి మూస్తే రెండోది పట్టేస్తాడు. తర్వాత అతని ఇంకో దారి. రెండింటిలోనూ ఉన్న గళ్లలో ఆడితేనే నాకు ఆశ, మిగతావన్నీ దండగ.

మొన్నటి పజిల్‌లో అలాంటివి మిగిలింది రెండే. మొదటిది అంచు దగ్గర, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఒక్క ఎత్తులో దెబ్బతింది. జవాబు రెండోది: మధ్యలో, అంతకుముందు నేను అసలు చూడని గడి.