నియాన్ టెట్రాలు తెచ్చే ముందు చూసుకోవాల్సినవి

• నియాన్ టెట్రాలు అక్వేరియంలో పెంచే చిన్న చేపలు. ముందు తొట్టి, తర్వాతే చేపలు. నీళ్లు నింపి, ఫిల్టరు వేసి నాలుగైదు వారాలు నడవనివ్వండి. రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగాలి. తేటగా కనిపించే నీళ్లలోనూ చేపను చంపేంత అమ్మోనియా ఉండొచ్చు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగాకే కొట్టుకి వెళ్లండి. దయచేసి ఈ ఒక్క విషయంలో తొందరపడకండి.

• కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి. ఇది అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ల (లవణాలు తక్కువున్న నీళ్ల) చేప. మీ బోరు నీళ్లు కఠినమైతే ఆర్వో నీళ్లు కలపండి.

• వేడి 22–26 డిగ్రీలు.

• కనీసం ఆరు, వీలైతే పది. ఒకటీ రెండూ తెస్తే బెదిరి మూలన నక్కుతాయి. 60 లీటర్ల తొట్టి ఉండాలి, గుండ్రటి గాజు గిన్నె వద్దే వద్దు.

• పెద్ద ఏంజెల్ ఫిష్ ఉన్న తొట్టిలో వేయొద్దు, మింగేస్తుంది.

• కొట్లో కాసేపు నిలబడి చూడండి. ఒంటి మీది ఎర్ర గీత తెల్లగా పాలిపోయి, గుంపుకు దూరంగా తిరిగే చేప ఒక్కటున్నా ఆ తొట్టిలోవి కొనకండి. అది నియాన్ టెట్రా జబ్బు కావొచ్చు, దానికి నమ్మదగ్గ మందు లేదు. (రాత్రి లైటు ఆర్పాక రంగు వెలవెలబోవడం మాత్రం మామూలే.)

• ఇంటికొచ్చాక లైటు ఆర్పి, చేపలున్న కవరును తొట్టి నీళ్లపై 20 నిమిషాలు తేలనివ్వండి. కవరులో తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, వలతో చేపల్ని మాత్రమే వదలండి. కవరు నీళ్లు సింకులోకి.