మోడల్ రైలుకు పట్టాలు, పాయింట్లు ఎంచుకోవడం

మోడల్ రైలు పట్టాలు తప్పితే ఇంజనును అనుమానించే ముందు పాయింట్లను, అంటే రైలును ఒక దారి నుంచి పక్కదారికి మళ్లించే పట్టాల అమరికలను, పరీక్షించడం మేలు. 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేల్‌లో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కోడ్‌గా చెబుతారు కనుక కోడ్ 100 అంటే 2.54 మిల్లీమీటర్లు, కోడ్ 83 చూపుకు సహజంగా ఉన్నా, అంచులు లోతుగా ఉండే పాత చక్రాలకు కోడ్ 100 నిరపాయం. లోహం విషయంలో తర్జనభర్జన అనవసరం, నికెల్ సిల్వరే తీసుకోండి (పేరులో తప్ప అందులో వెండి ఉండదు).

6వ నంబరు పాయింటులో ఆరు అంగుళాలకు ఒక అంగుళం చొప్పున పక్కదారి విడిపోతుంది. 4వ నంబరు చోటు ఆదా చేసినా పొడవాటి బోగీలను ఇబ్బంది పెడుతుంది కాబట్టి నేను దాన్ని యార్డుకే పరిమితం చేస్తాను. కదిలే పట్టా కొనను గోటితో తడిమి చూడండి. గోరు తట్టుకున్న చోట చక్రమూ తట్టుకుంటుంది. పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్ ప్లాస్టిక్‌దైతే వైరింగ్ సులువే గానీ, నెమ్మదిగా నడిచే పొట్టి ఇంజన్లు అక్కడ కరెంటు అందక ఆగిపోవచ్చు. షంటింగ్ (బోగీలను అటూ ఇటూ జరిపి కూర్చడం) మీద మోజున్నవారు లోహపు ఫ్రాగ్ తీసుకుని, పాయింటు మారినప్పుడల్లా దాని ధ్రువత కూడా మారేలా స్విచ్ అమర్చుకోవాలి. కొన్న ప్రతి పాయింటునూ బల్లకు బిగించక ముందే ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైలు అభిరుచిపరుల సంఘం) కొలతల గేజ్ రేకుతో కొలవండి.