జేజికి కంటి చుక్కలు వేసే పద్ధతి

మా జేజికి కడపలో శుక్లం ఆపరేషన్ అయింది. లోపల లెన్సు పెట్టినారు. 1949లో లండన్‌లో దాన్ని మొదట పెట్టింది హెరాల్డ్ రిడ్లీ. పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానం ప్లాస్టిక్ పెంకులు హాని చేయలేదని గమనించి, అలాంటి ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించిన డాక్టరు. ఆయనకు చేతులెత్తి మొక్కాల.

చుక్కలేసేది నేనే. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వెల్లకిలా పడుకోబెట్టి "జేజీ, పైకి చూడు" అనండి. కింది రెప్పను మెల్లగా లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క అందులో పడాల. సీసా మూతి రెప్పకు తగలకూడదు. ఒక్క చుక్క చాలు. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. కన్ను నలపనీకండి. చెనక్కాయల దుమ్ము దగ్గరికి పోనీకండి. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా ఆ పూటే డాక్టరుకు చూపించండి.